దెబ్బకీ దెబ్బకీ మధ్య గడువు: వాతావరణ ముప్పును ప్రాజెక్టు లెక్కలోకి తేవడం ఎలా?

ప్రశ్న: పేద ప్రాంతాల్లో తాగునీరు, రోడ్లు, బడులు, సాగు మీద పనిచేసే సంస్థ మాది. ప్రతి ప్రతిపాదనలోనూ "వాతావరణ ముప్పు" అని ఒక పేజీ రాస్తాం. కరవు, వరద, తుఫాను, వడగాలి అని వరసగా పెడతాం. ఆ పేజీ వల్ల డిజైన్‌లో ఒక్క అంగుళం మారింది లేదు. అసలు ముప్పు ఎక్కడుంది? దాన్ని లెక్కలోకి తేవడం ఎలా?

సమాధానం:

మీ పేజీలో విపత్తుల పేర్లున్నాయి గానీ, వాటి నుంచి కోలుకోవడానికి ఎంత కాలం పడుతుందో లేదు. అందుకే డిజైన్ కదల్లేదు. విపత్తు ధనిక ప్రాంతానికీ వస్తుంది. అక్కడ బీమా ఉంటుంది, చవక అప్పు దొరుకుతుంది, ఏడాదిలో లేచి నిలబడతారు. అదే దెబ్బ నుంచి లేవడానికి ఆరేళ్లు పట్టే చోట నాలుగో ఏడే మళ్లీ పడితే, అది గోరుచుట్టు మీద రోకటిపోటు. వాతావరణ మార్పు చేస్తున్న అసలు పని ఆ నాలుగేళ్లను మూడుకు, మూడును రెండుకు తగ్గించడం.

కరీబియన్ సముద్రంలోని డొమినికా సంగతి చూడండి. 2015 ఆగస్టులో ఎరికా తుఫాను వల్ల ఆ చిన్న దీవికి జరిగిన నష్టం జీడీపీలో 90 శాతం. ఆ పునర్నిర్మాణం సాగుతుండగానే 2017 సెప్టెంబరులో మరియా వచ్చింది, నష్టం జీడీపీకి 226 శాతం. అక్కడిదే మరో దీవి గ్రెనడాకు 2004లో ఐవాన్ తుఫాను చేసిన నష్టం జీడీపీకి దాదాపు రెండింతలు. మరుసటి ఏడాదే ఎమిలీ. ఇలాంటి చోట "సగటు వార్షిక నష్టం ఇంత" అని రాస్తే అబద్ధం కాదు, కానీ దేనికీ పనికిరాదు. రెండేళ్ల ఎడంలో పడిన రెండు దెబ్బలు, ఇరవై ఏళ్ల ఎడంలో పడిన రెండు దెబ్బలు సగటులో ఒకేలా కనిపిస్తాయి.

డాలర్లలో చెప్పే నష్టాల్లో ఇంకో లోపం ఉంది. అవి ఆస్తి విలువను కొలుస్తాయి. రేకుల ఇల్లు, రెండు మేకలు, విత్తనాల బస్తా పోతే జాతీయ లెక్కలో అది సున్నా కింద లెక్క. ఆ ఇంటికి మాత్రం అదే సర్వస్వం. కరవులో ఊరంతా ఒకేసారి పశువులను అమ్మకానికి పెడుతుంది కాబట్టి ధర పడిపోతుంది. వానలు పడ్డాక ఊరంతా ఒకేసారి కొనబోతుంది కాబట్టి ధర లేస్తుంది. అమ్మిన ధరకూ కొన్న ధరకూ మధ్య తేడా ఏ నష్టపు నివేదికలోనూ ఉండదు. పిల్లల ఒంట్లో మిగిలిపోయే నష్టం అంతకన్నా మొండిది. 1984 ఇథియోపియా కరవు కాటకం తీవ్రంగా ఉన్నప్పుడు 12 నుంచి 36 నెలల వయసున్న పిల్లలు, పెద్దయ్యాక కూడా కనీసం 5 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారని తర్వాతి అధ్యయనంలో తేలింది. (ఆ కాటకానికి వానలు లేకపోవడం ఒక్కటే కారణం కాదు, యుద్ధం వాటా కూడా ఉంది.) ఆ వయసులో తప్పిపోయిన తిండిని పదేళ్లకు పెట్టి సరిచేయలేరు.

మరణాలు తగ్గాయి కదా, అంటే ముప్పు తగ్గినట్టే కదా అని కొందరు అడుగుతారు. మరణాలు తగ్గిన మాట నిజమే. నేటి బంగ్లాదేశ్‌ను ముంచిన 1970 భోలా తుఫానులో మూడు లక్షల మందికి పైగా చనిపోయారు. 2020 మే నెలలో ఆంఫన్ వచ్చేసరికి బంగ్లాదేశ్ 20 లక్షల మందికి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించింది. భారత్, బంగ్లాదేశ్ రెండింటిలో కలిపి మృతులు సుమారు 130 మంది. కానీ నష్టం 1,300 కోట్ల డాలర్ల లెక్కలో ఉంది. హెచ్చరిక మనిషిని కదిలిస్తుంది. చెరువు, చేను, ఇల్లు, కట్ట కదలవు. బతికినవాడు ఉప్పెక్కిన పొలానికే తిరిగొస్తాడు. కాబట్టి మీ పేజీలో ప్రాణనష్టం, జీవనోపాధి నష్టం రెండూ విడివిడిగా ఉండాలి. ఒకటి తగ్గించే పని రెండోదాన్ని తగ్గించదు.

ఇప్పుడు కొలత. పనిచేసే ప్రాంతంలో గత 30 ఏళ్లలో పడిన దెబ్బలను ఏడాదివారీగా రాయండి. పంట సగానికి పైగా పోయిన ఏడు, పశువులు పోయిన ఏడు, రోడ్డు వారానికి మించి తెగిన ఏడు. మొదటి 15 ఏళ్లలో ఎన్ని, తర్వాతి 15 ఏళ్లలో ఎన్ని అని పక్కపక్కన పెట్టండి. జనం నోటి మాట ఒక్కటే నమ్మితే దగ్గరి ఏళ్లవి ఎక్కువ గుర్తుంటాయి, లెక్క వంకరపోతుంది. వర్షమాపక కేంద్రం రికార్డుతో సరిపోల్చండి. కేంద్రం లేకపోతే చిర్ప్స్ అనే ఉపగ్రహ వర్షపాత రికార్డు 1981 నుంచి సుమారు 5 కిలోమీటర్ల గళ్లలో ఉచితంగా దొరుకుతుంది. అది కరవు ఏడాదిని బాగానే పట్టిస్తుంది, కుండపోతను మాత్రం చదును చేసి చూపిస్తుంది. కల్వర్టు సైజుకు దాన్ని వాడకండి.

తర్వాత కోలుకునే కాలం. ప్రతి ఊళ్లో పది పదిహేను ఇళ్లను, అందులో భూమి లేనివాళ్లను తప్పకుండా కలిపి, రెండే అడగండి: గత దెబ్బ తర్వాత అప్పు తీరడానికి ఎన్ని పంటకాలాలు పట్టింది? పశువుల సంఖ్య మునుపటికి రావడానికి ఎన్నేళ్లు పట్టింది? మేకల మంద త్వరగా కోలుకుంటుంది, ఆవుల మందకు చాలా ఏళ్లు కావాలి. ఈ కాలం దెబ్బల మధ్య గడువు కన్నా ఎక్కువగా ఉంటే, ఆదాయం పెంచే పథకం అక్కడ చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ముందు కోలుకునే కాలాన్ని తగ్గించే పని పెట్టాలి.

కట్టడాల విషయంలో లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. పల్లె రోడ్డు కల్వర్టును సాధారణంగా 10 నుంచి 25 ఏళ్లకు ఒకసారి వచ్చే వరదకు డిజైన్ చేస్తారు. "25 ఏళ్ల వరద" అంటే 25 ఏళ్లకోసారి ఠంచనుగా వచ్చేది కాదు, ఏ ఏడాదైనా వచ్చే అవకాశం 4 శాతం ఉన్నది. కట్టడం ఆయువు 30 ఏళ్లయితే, ఆ కాలంలో కనీసం ఒకసారి దాటిపోయే అవకాశం సుమారు 71 శాతం. ఈ మాట చాలా ప్రతిపాదనల్లో ఎవరూ రాయరు, రాస్తే ఆమోదం దొరకదేమోనని భయం. వాన తీరు మారి అదే ప్రవాహం పదేళ్ల వరద అయిపోతే అవకాశం 96 శాతం. అదొక్కటే కాదు, 30 ఏళ్లలో సగటున 1.2 సార్లు మునగాల్సింది 3 సార్లు మునుగుతుంది. మరమ్మతు డబ్బు ఒకసారికే పెట్టుకున్న శాఖ రెండోసారికి చేతులెత్తేస్తుంది. రోడ్డు అక్కడితో సరి.

ఎంత పెంచాలి? గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. తక్కువ సేపట్లో కుమ్మరించే వానలు కొన్నిచోట్ల అంతకు మించి పెరుగుతున్నాయి. కచ్చితమైన స్థానిక అంకె కోసం ఏడాదిపాటు కూర్చోవద్దు. డిజైన్ ప్రవాహాన్ని 20 శాతం, 30 శాతం పెంచి చూసి, ఏది ముందు తెగుతుందో గమనించండి. గొట్టాల విషయంలో పెంపు చవక: నిండుగా పారే గొట్టం మోసే నీరు వ్యాసంతో పాటు సమంగా పెరగదు, చాలా వేగంగా పెరుగుతుంది. అదే వాలులో 900 మిల్లీమీటర్ల గొట్టం బదులు 1,200 వేస్తే రెండింతలకు పైగా నీరు పోతుంది. తవ్వకం, కూలి, రవాణా ఖర్చు ఎలాగూ ఉన్నదే. విద్యుత్తు, నీరు, రవాణా, టెలికాం వంటి మౌలిక వసతుల్ని ముప్పు తట్టుకునేలా కట్టడానికి అదనపు ఖర్చు సుమారు 3 శాతమనీ, పెట్టిన ప్రతి డాలరుకు సగటున 4 డాలర్ల మేలు ఉంటుందనీ ప్రపంచ బ్యాంకు 2019లో లెక్కగట్టింది. ముప్పున్న చోట పెడితేనే ఆ లెక్క. ఎక్కడపడితే అక్కడ పెడితే ఆ డబ్బు వృథా.

కల్వర్టు సాధారణంగా పోయేది గొట్టం పగిలి కాదు. కొమ్మలూ చెత్తా చేరి మూతి మూసుకుపోతుంది, లేదా దిగువన నేల కోసుకుపోయి గొట్టం కింద డొల్ల పడుతుంది, లేదా పక్క మట్టికట్ట మీదుగా నీరు పొర్లి కట్టే కొట్టుకుపోతుంది. మూడింటికీ మందు డిజైన్‌లోనే ఉంది. దిగువన రాతి పరుపు వేయండి. ఎగువన చెత్త ఆపే కంచె పెడితే దాన్ని శుభ్రం చేసేవాడి పేరు, డబ్బు కూడా పెట్టండి, లేకపోతే ఆ కంచే ఆనకట్ట అవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, రోడ్డు మీదుగా నీరు పొర్లక తప్పకపోతే ఎక్కడ పొర్లాలో మీరే నిర్ణయించండి. కల్వర్టుకు దూరంగా ఒకచోట రోడ్డును కాస్త దించి కాంక్రీటు చప్టా వేస్తే, పెద్ద వరదలో ఆరు గంటలు రాకపోకలు ఆగుతాయి. అదే లేకపోతే ఆరు నెలలు ఆగుతాయి.

తాగునీటి బోర్ల దగ్గర తరచూ జరిగే తప్పు ఒకటుంది, చాలా దేశాల్లో జరుగుతుంది. డబ్బు విడుదలయ్యేసరికి వానాకాలం వస్తుంది, నీటిమట్టం పైన ఉన్నప్పుడు తవ్వి, పంపింగ్ పరీక్ష చేసి, "విజయవంతం" అని రాసేస్తారు. ఎండాకాలం చివర అది గాలి కొడుతుంది. పరీక్ష ఎండు కాలం ఆఖరి వారాల్లో చేయాలి. కుదరకపోతే ఆ కాలపు నీటిమట్టాన్ని పక్క బోర్లలో కొలిచి, పంపు సిలిండర్‌ను (బోరు లోపల నీటిలో ఉండి నీటిని పైకి తోడే భాగాన్ని) దానికన్నా ఇంకా దిగువకు దింపే అవకాశం ఉంచి తవ్వాలి. మామూలు ఇండియా మార్క్ 2 చేతిపంపు సుమారు 45 మీటర్ల లోతు దాకా పనిచేస్తుంది. నీరు ఇప్పటికే 38 మీటర్లలో ఉంటే, మీరు పెడుతున్నది కొన్నేళ్ల పంపే. వరద ప్రాంతంలో పంపు గట్టును అత్యధిక వరద గుర్తు కన్నా పైకి ఎత్తాలి, కేసింగ్ (బోరులో దింపే గొట్టం) చుట్టూ ఖాళీని సిమెంటు గ్రౌటుతో పూడ్చాలి, లేకపోతే మొదటి వరదతోనే మురుగు బోరులోకి దిగుతుంది. సాగుకు సోలార్ పంపుల పథకం పెట్టేవాళ్లకు ఒక్క మాట: కరెంటు బిల్లు లేని పంపును ఆపే కారణం రైతుకు ఉండదు. నీటి పరిమితి మీద ఊరి ఒప్పందం లేకుండా సోలార్ పంపులు పంచితే, కరవుకు మందు అనుకున్నదే కరవును తెస్తుంది.

విద్యుత్తు ఒక్క వనరు మీదే ఆధారపడటం కూడా ఇలాంటిదే. జాంబియా విద్యుత్తులో 80 శాతానికి పైగా జలవిద్యుత్తు. 2023-24 కరవులో కరీబా జలాశయం అడుగంటి, 2024లో చాలాచోట్ల రోజుకు కొద్ది గంటలే కరెంటు ఇచ్చారు. ఆ కరవులో వాతావరణ మార్పు కన్నా ఎల్‌నినో (కొన్నేళ్లకోసారి పసిఫిక్ సముద్రం సహజంగా వేడెక్కడం) పాత్రే పెద్దదని పరిశోధకులు తేల్చారు. చర్చకు ఆ తేడా ముఖ్యం. పిండిమర, వెల్డింగు షాపు నడుపుకునేవాడికి కాదు.

ఎండ గురించి తక్కువ రాస్తారు, ఎందుకంటే ఎండ దేన్నీ కూల్చదు. అది పనిగంటలను తింటుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి చూసే తడి బల్బు ఉష్ణోగ్రత 35 డిగ్రీలు మనిషి తట్టుకునే హద్దు అని చాలాకాలం రాశారు. ఆరోగ్యంగా ఉన్న యువకుల మీద చేసిన ప్రయోగాల్లో తేమ వాతావరణంలో హద్దు 31 దగ్గరే కనిపించింది. శారీరక శ్రమ చేసేవాడికి ఇబ్బంది ఇంకా ముందే మొదలవుతుంది. 2030 నాటికి ఎండ ఒత్తిడి వల్ల ప్రపంచ పనిగంటల్లో 2.2 శాతం, అంటే 8 కోట్ల పూర్తికాలపు ఉద్యోగాలకు సమానం, పోతాయని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా వేసింది. అందులో 60 శాతం వ్యవసాయంలోనే. మీ ప్రాజెక్టులో దీని అర్థం: పని లెక్కన కూలి ఇచ్చే పథకంలో ఎండ నెలలకు కొలత తగ్గించాలి, లేకపోతే అదే కూలి కోసం ఇంకో రెండు గంటలు ఎండలో ఉంటారు. బడి రేకుల కప్పుకు తెల్ల సున్నం కొట్టించడం ఈ మొత్తం జాబితాలో అతి చవక పని. దాన్ని ప్రతి ఏడూ ఎండలకు ముందు మళ్లీ కొట్టాలి, ఒకసారి కొట్టి ఫోటో తీసుకుంటే చాలదు.

సాగులో సగటు వర్షపాతం తగ్గుదల కన్నా దొంగ తొలకరి ఎక్కువ ముంచుతుంది. మొదటి వానకు విత్తితే, తర్వాత మూడు వారాలు చినుకు పడక మొలక మాడిపోతుంది. రెండోసారి విత్తడానికి విత్తనం ఉండదు. కాబట్టి ఊరి విత్తన నిల్వ ఒక విత్తుకు సరిపడా కాదు, రెండు విత్తులకు సరిపడా ఉండాలి. బుర్కినా ఫాసో, నైజర్ రైతుల "జాయ్" గుంతలు ఈ ఎడాన్ని దాటించే మంచి పద్ధతి: 20 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పు, 10 నుంచి 20 లోతు, హెక్టారుకు పది వేలకు పైగా గుంతలు, ఎండాకాలంలోనే తవ్వి పిడికెడు పశువుల ఎరువు వేసి ఉంచుతారు. గట్టిపడి పైన పెచ్చు కట్టిన నేలలో ఇది అద్భుతం. ఇసుక నేలలో గుంత పూడిపోతుంది. హెక్టారుకు వందల గంటల చాకిరీ కాబట్టి, మగవాళ్లు వలస పోయిన ఊళ్లో అది ఆడవాళ్ల నెత్తిన పడుతుంది. పథకం రాసేటప్పుడు ఈ గంటలకు కూలి కట్టండి.

ఇక డబ్బు. ఎంత వస్తుందన్నది ఒక ప్రశ్న, ఎప్పుడు వస్తుందన్నది దానికన్నా పెద్ద ప్రశ్న. మలావీ 2015-16 పంటకాలానికి ఆఫ్రికా దేశాల ఉమ్మడి విపత్తు బీమా సంస్థ ఆఫ్రికన్ రిస్క్ కెపాసిటీ దగ్గర కరవు బీమా తీసుకుని సుమారు 47 లక్షల డాలర్ల ప్రీమియం కట్టింది. కరవు వచ్చింది, 65 లక్షల మందికి పైగా సాయం అవసరమైంది. కంప్యూటరు నమూనా మాత్రం దెబ్బతిన్నది ఇరవై వేల పైచిలుకు మందేనని, చెల్లింపు రాదని చెప్పింది. కారణం వెతికితే, నమూనాలో దీర్ఘకాలిక మొక్కజొన్న రకం ఉంది, రైతులు అప్పటికే స్వల్పకాలిక రకానికి మారిపోయారు. వాన ఏ వారంలో తప్పితే పంట పోతుందన్నది రెండు రకాలకూ వేరు. సరిదిద్దాక 81 లక్షల డాలర్లు ఇచ్చారు. ప్రభుత్వం విపత్తు ప్రకటించింది 2016 ఏప్రిల్‌లో, డబ్బు చేరింది 2017 జనవరిలో. ఇలా పొలంలో నష్టం కొలవకుండా వాన లెక్క వంటి సూచికను బట్టి చెల్లించే సూచిక బీమా కొనే ఎవరైనా ప్రతి ఏడూ సంతకానికి ముందు పంట రకం, విత్తే తేదీ సరిచూడాలి, గతంలో బాగా చెడిన మూడు నాలుగు ఏళ్లను నమూనాలో నడిపించి అది చెల్లించేదో లేదో అడగాలి. చెల్లించదని తేలితే సంతకం పెట్టవద్దు.

దీనికి ఎదురు ఉదాహరణ 2020 జులై బంగ్లాదేశ్. జమున నది వరదకు ముందే ట్రిగ్గర్, అంటే ఏ అంచనా వస్తే ఏం చేయాలో, రాసిపెట్టుకున్నారు: పది రోజుల ముందు అంచనాతో సన్నద్ధం, ఐదు రోజుల ముందు అంచనాతో చెల్లింపు. ప్రపంచ ఆహార కార్యక్రమం ఇంటికి 4,500 టాకాలు మొబైల్‌కు పంపింది. ఆ డబ్బు అందిన ఇళ్లలో వరద రోజుల్లో రోజంతా పస్తు ఉండే అవకాశం 36 శాతం తక్కువని తర్వాత కొలిచారు. పెద్ద మొత్తమేం కాదు. మేకను సగం ధరకు అమ్మకముందే చేరింది, అంతే. ఇలాంటిది పెట్టాలంటే లబ్ధిదారుల జాబితా, మొబైల్ ఖాతా నంబర్లు వరదకు చాలా నెలల ముందే సరిచూసి ఉండాలి. ఐదు రోజుల్లో చేయలేనిది అదొక్కటే. అంచనా తప్పి వరద రాని ఏడు కూడా ఉంటుందని నిధులిచ్చేవాళ్ల చేత ముందే ఒప్పించుకోండి.

దేశాల స్థాయిలో కథ అప్పుల చుట్టూ తిరుగుతుంది. ముప్పు ఎక్కువున్న పేద దేశాలకు ఆ ముప్పు వల్లే వడ్డీ సగటున 1.17 శాతం పాయింట్లు ఎక్కువ పడిందని 2018 అధ్యయనం ఒకటి లెక్కగట్టింది. 2019 మార్చిలో ఇదాయ్ తుఫాను బైరా నగరాన్ని ముంచిన నెలకే మొజాంబిక్‌కు అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) నుంచి వచ్చింది 11.8 కోట్ల డాలర్ల అప్పు. 2022 వరదల్లో 3.3 కోట్ల మంది దెబ్బతిన్న పాకిస్తాన్‌లో ఆస్తి నష్టమే 1,490 కోట్ల డాలర్లు. ధనిక దేశాలు 2009లో కోపెన్‌హాగెన్ వాతావరణ సదస్సులో, పేద దేశాలకు వాతావరణ సాయంగా 2020కల్లా ఏటా ఇస్తామన్న 10,000 కోట్ల డాలర్ల లక్ష్యం 2022లో గానీ అందలేదు, ప్రభుత్వాల నుంచి వచ్చినదాంట్లో సుమారు మూడింట రెండు వంతులు అప్పులే. గ్రెనడా ఈ విషయంలో తెలివిగా నడిచింది. తుఫాను వస్తే వాయిదాలు వెనక్కి జరిగేలా అప్పు పత్రంలోనే షరతు రాయించుకుంది, 2024లో బెరిల్ తుఫాను తర్వాత దాన్ని వాడుకుంది. మీ సంస్థ సూక్ష్మరుణాలు ఇస్తుంటే ఇదే షరతు అక్కడ పెట్టవచ్చు. ట్రిగ్గర్ పడితే రెండు వాయిదాలు దానంతటదే వెనక్కి జరగాలి. దరఖాస్తు, దయ అవసరం ఉండకూడదు.

రక్షణ కోసం కట్టినదే ముప్పుగా మారడం గురించి కూడా ఆ పేజీలో ఒక పేరా ఉండాలి. బంగ్లాదేశ్ తీరంలో 1960ల నుంచి కట్టిన పోల్డర్లు, అంటే చుట్టూ కట్టతో మూసిన లోతట్టు భూములు, ఉప్పునీటిని ఆపి పంటనిచ్చాయి. కానీ పోటుతో వచ్చే ఒండ్రు పొలం మీద పరుచుకోవడం ఆగి నది అడుగున పేరుకుంది. కొన్ని పోల్డర్లలో లోపలి నేల బయటి సుందరబన్స్ నేల కన్నా 1 నుంచి 1.5 మీటర్లు కిందికి పోయింది. 2009లో ఐలా తుఫాను 32వ పోల్డర్ కట్టను తెంపితే, కొన్నిచోట్ల దాదాపు రెండేళ్లపాటు పోటునీరు లోపలికి వస్తూ పోతూనే ఉంది. కట్ట ఎత్తు పెంచమని అడిగే ప్రతిపాదన మీ బల్ల మీదికి వస్తే, ఎత్తు కన్నా ముందు ఒండ్రు ఎటు పోతుంది, వాననీరు ఏ తూము గుండా బయటికి పోతుంది, ఆ తూము తలుపు గ్రీజుకు ఏ ఖాతా నుంచి డబ్బు వస్తుంది అని అడగండి.

నిధులిచ్చేవాళ్లు 2080 దాకా వాతావరణ నమూనా అంచనాలు అడుగుతారు. చేతిపంపుకు, రేకుల బడికి అవి అక్కర్లేదు. పది పదిహేనేళ్ల ఆయువున్నదానికి ఏటేటా సహజంగా ఉండే హెచ్చుతగ్గులే ఎక్కువ ప్రభావం చూపుతాయి. అక్కడ మీ 30 ఏళ్ల దెబ్బల పట్టిక చాలు. అరవై ఏళ్లు నిలవాల్సిన వంతెనకు, జలాశయానికి మాత్రం అడగాల్సిందే, అదీ ఒక్క అంకె కాదు, ఐదారు నమూనాల కింది హద్దు, పై హద్దు. వాన పెరుగుతుందా తగ్గుతుందా అన్నదాని మీదే నమూనాలు ఏకీభవించని ప్రాంతాలు చాలా ఉన్నాయి. అలాంటి చోట వంతెన పునాదిని పై హద్దుకు వేసి, పైభాగాన్ని తర్వాత ఎత్తుకునేలా బేరింగుల (స్తంభాల మీద పైభాగం ఆనే చోట్ల) దగ్గర జాక్ పెట్టే చోటు వదలండి. పునాదిని మళ్లీ తవ్వలేరు గానీ పైభాగాన్ని ఎత్తవచ్చు.